బస్రా వెళ్ళిన కోటిపల్లి పట్టాలు

ముప్పై ఏళ్ళు నంద్యాలలో ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ ముప్పై ఏళ్ళూ ఏటా ఒకసారి బాగ్దాదు రైలు వేశాను. బోర్డు మీద, సుద్దముక్కతో. బెర్లిన్‌లో మొదలుపెట్టి, తుర్కీ సుల్తానుగారి రాజ్యం మీదుగా, బాగ్దాదు దాటి, బస్రా దగ్గర సముద్రం అంచుకి చేరేసరికి గంట కొట్టేవారు. నిజం రైలు వేసినవాళ్ళంత ఆలస్యం చెయ్యలేదు గానీ, నా రైలు కూడా ఏనాడూ టైముకి చేరలేదు.

ఆ పాఠమంటే నాకిష్టం. సుల్తానుగారి సామ్రాజ్యం అప్పటికి బాగా చితికిన జమీందారీ లాంటిది. ఇల్లు పెద్దదే, కప్పు కారుతూంటుంది. అలాంటి సమయంలో ఇరుగుపొరుగులకి ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "మీ తోటలోకి మేం బాట వేస్తాం" అని జర్మనీవాళ్ళు. "వేస్తే వెయ్యండి, మా దొడ్డిగుమ్మం వైపు మాత్రం రానివ్వం" అని ఇంగ్లీషువాళ్ళు. ఉత్తరపు గోడమీంచి తొంగిచూస్తూ రష్యావాళ్ళు. మాకూ ఓ కొమ్మ అంటూ ఫ్రెంచివాళ్ళు. ఎవరి చూపూ బాట మీద లేదు, తోట మీదే. ఇలా చెబితే పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఆ రైలెక్కి కిటికీ పక్కన కూర్చోవాలని ఉండేది. ఒకసారి పాస్‌పోర్టు కూడా తీసుకున్నాను. దాని గడువు నా ఉద్యోగం కన్నా ముందే తీరింది. డిగ్రీ పట్టాలు నాకు రెండున్నాయి. వాటి మీద ఏ రైలూ నడవలేదు.

ఆ మధ్య పేపర్లో ఓ మూల చిన్న వార్త కనపడింది. కాకినాడ నుంచి కోటిపల్లికి మళ్ళీ రైలు వేశారట. పూర్వం తెల్లవాళ్ళు వేసిన లైనే. రెండో యుద్ధం రోజుల్లో వాళ్ళే పీకి, పట్టాలని ఓడలకెక్కించారట. ఎక్కడికని అడిగితే కొందరు ఆఫ్రికా అంటారట, కొందరు బస్రా అంటారట.

బస్రా అన్న మాట దగ్గర నా కాఫీ చల్లారిపోయింది. బాగ్దాదు ఎలాగూ వెళ్ళలేను. పట్టాలు బయల్దేరిన చోటికైనా వెళ్ళొచ్చు కదా అనిపించింది. వెళ్ళొచ్చి నెలైంది. మీరెవరూ వెళ్ళి ఉండరన్న ధైర్యంతో రాస్తున్నాను.

రాజమండ్రి

తెల్లవారుతూండగా రైలు గోదావరి వంతెన ఎక్కింది. భాద్రపదం చివర కావడంతో నది ఎర్రగా, ఒడ్డులని ఒరుసుకుంటూ పోతోంది. మావైపు వాన పడితే వార్త. ఇక్కడ పడకపోతే వార్త. ఇన్ని నీళ్ళు ఒక్కచోట చూస్తే మా ప్రాంతంవాడికి మొదట ఆనందం, వెంటనే కొంచెం కోపం వస్తాయి. ఎవరిమీదో తెలియదు.

స్టేషను బయట హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. వడ్డించే ఆయన "ఇంకో గరిటె అల్లంపచ్చడి వెయ్యమంటారాండీ?" అని నాలుగుసార్లు అడిగాడు. మా ఊళ్ళో సర్వరు ప్లేటు పెట్టి వెళ్ళిపోతాడు, పచ్చడి మన ప్రారబ్ధం. ఇక్కడ 'అండి' లేకుండా గాలి కూడా వీచదు. హోటలు మెట్ల మీద పడుకున్న ఆవుని ఒకాయన "కాస్త తప్పుకోండమ్మా" అనడం స్వయంగా విన్నాను. ఆవు తప్పుకుంది కూడా.

కాకినాడ

బస్సు దిగానో లేదో ఇద్దరు ఆటోవాళ్ళు నామీద వాలారు. ఒకాయన నా సంచి అందుకున్నాడు. రెండో ఆయన గొడుగు అందుకున్నాడు. సంచి ఒక ఆటోలోనూ గొడుగు ఇంకో ఆటోలోనూ కూర్చున్నాయి. నేను నడిరోడ్డు మీద మిగిలాను.

"ముందు మాట్టాడింది నేనండి," అన్నాడు సంచి ఆయన.

"మాట్టాడింది నువ్వే, చూసింది నేను. ఆయన బస్సు మెట్టు మీదుండగానే చూశాను," అన్నాడు గొడుగు ఆయన.

"చూపులకే బాడుగ ఇస్తారేంటి?"

క్షీణిస్తున్న సామ్రాజ్యం గురించి ముప్పై ఏళ్ళు చెప్పాను గానీ, నేనే ఆ సామ్రాజ్యం కావడం అదే మొదలు. చివరికి సంచితో నేనొక ఆటోలోనూ, వెనకాల గొడుగు దర్జాగా ఇంకో ఆటోలోనూ లాడ్జికి చేరాం. ఇద్దరికీ పదిహేనేసి రూపాయలు ఇచ్చాను. ఇద్దరూ "మళ్ళీ రండి" అన్నారు.

మధ్యాహ్నం ఒక మెస్సులో పనసపొట్టు కూర. ఆవపెట్టి చేశారు. పనసకాయని కత్తితో అంత సన్నగా కొట్టడానికి ఎంత ఓపిక కావాలో. "మీ ఊళ్ళో పొట్టు కొడతారాండి?" అని అడిగాడు మెస్సు యజమాని.

"మా ఊళ్ళో రాళ్ళు కొడతామండి," అన్నాను.

ఆయన జాలిపడి ఇంకో గరిటె వేశాడు. రేపు కోటిపల్లి రైలుబస్సులో వెళ్తున్నానంటే ముఖం మారింది. "రేపు మహాలయ అమావాస్యండి. పెద్దలకి నీళ్ళు వదలడానికి కోటిపల్లి రేవుకి జనం పోతారు. మామూలు రోజుల్లో ఖాళీయే. రేపు మాత్రం ముందే వెళ్ళి కిటికీలోంచి తువ్వాలు పడెయ్యండి. తువ్వాలు పడ్డ సీటు జోలికి మావైపు ఎవరూ రారు."

తువ్వాలు వేసి సీటు పట్టడం మావైపూ ఉంది. కాకపోతే మావైపు తువ్వాలు తీసేసి కూర్చునేవాళ్ళు కూడా ఉన్నారు.

సాయంత్రం గొట్టం కాజా కొన్నాను. కొరకగానే లోపలి పాకం చొక్కా మీదికి దూకింది. పక్కనున్న పెద్దాయన, "దాన్ని తలెత్తి కొరకాలండి, దించి కాదు," అన్నాడు. ఆ మాట కొరికే ముందు చెప్పి ఉంటే బాగుండేది.

రైలుబస్సు

రైలుబస్సుకి ముఖం బస్సుది, కాళ్ళు రైలువి. నేను వెళ్ళేసరికే కిటికీలన్నిటి నిండా తువ్వాళ్ళు, పైటచెంగులు, ఒక చేతిసంచీ. నా దగ్గరున్నది జేబురుమాలు. విసిరితే గాలికి తిరిగి నా ముఖం మీదే పడింది.

లోపల ఒక్క సీటు ఖాళీగా కనపడింది. ఎర్రగళ్ళ తువ్వాలు నాలుగు మడతలు వేసి పరిచి ఉంది. పక్కన కిటికీ దగ్గర డెబ్బై ఏళ్ళ ఆవిడ, ఒళ్ళో గుడ్డసంచి.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారామ్మా?"

"మనిషి వస్తారండి," అంది, నావైపు చూడకుండా.

బండి కదిలింది. మనిషి రాలేదు. నిలబడ్డవాళ్ళం పాతికమందికి పైనే ఉన్నాం. అరటిగెల మోసుకొచ్చిన ఒకాయనకి ఓపిక తగ్గింది.

"బండి కదిలిపోయింది కదా మామ్మగారూ. ఇంకెక్కడ ఎక్కుతారండి మీ మనిషి?"

"ఎక్కినప్పుడు చూద్దురుగాని."

"ఈలోగా గెలనైనా పెట్టుకోనివ్వండి."

"గెలకి టిక్కెట్టు ఉందా?"

జనం నవ్వారు. కండక్టరు దారి చేసుకుంటూ వచ్చి అరటిగెల ఆయన భుజం తట్టాడు. "ఆ సీటు జోలికెళ్ళకండి బాబూ. రత్నమ్మగారు వచ్చినప్పుడల్లా రెండు టిక్కెట్లు కొంటారు. ఆ సీటుకి టిక్కెట్టుంది, మనిషే లేరు. మిగతా బండిలో మనుషులున్నారు, టిక్కెట్టు తియ్యండంటే నావైపు చూడరు."

ఎవరికోసం అని నేను గొంతు తగ్గించి అడిగాను. "వాళ్ళ నాన్నగారికండి. పాత లైను మీద మేస్త్రీ. ఈ పట్టాలు యుద్ధానికి పీకినప్పుడు వాటితో పాటే వెళ్ళారు," అన్నాడు. తర్వాత నన్ను చూసి, "తమరిది ఏ ఊరండి? తద్దినమా?" అన్నాడు.

తద్దినం కాదనీ, బస్రా వెళ్ళిందంటున్న లైను చూడ్డానికి వచ్చాననీ చెప్పాను. కిటికీ దగ్గరి ఆవిడ అప్పుడు మొదటిసారి నావైపు తిరిగింది.

"బస్రా మీకు తెలుసాండి?"

రామచంద్రపురం దాకా

తెలుసని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మేస్టారునని తెలిశాక ఆవిడ నన్ను వదల్లేదు. నేను ఆవిడ సీటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. కరప దాటాక రెండు పక్కలా వరిచేలు మొదలయ్యాయి. ఆవిడ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి కార్డుముక్క తీసింది. ఆవిడ తండ్రికి చదువు రాదు, తోటి గుమస్తా ఎవరో రాసిపెట్టాడట. సిరా గోధుమరంగుకి తిరిగిపోయింది. నన్ను చదవమంది. ఆవిడకి కంఠతా వచ్చు. కానీ ఇంకొకరి గొంతులో వినాలని ఉన్నట్టుంది.

"బస్రా దగ్గర పని. ఎండ జాస్తి. ఖర్జూరం చెట్లు దూరానికి మన ఈతచెట్లల్లే ఉంటాయి. నీళ్ళు ఉప్పన. పట్టాలు క్షేమం. నంబర్ల వరస తప్పకుండా వేయిస్తున్నాను. పిల్లని బడికి పంపు."

"పట్టాలు క్షేమం అంటే ఏంటమ్మా?" అన్నాను.

ఆవిడ చెప్పింది. ఒక పట్టా ఎదురుగా ఇంకో పట్టా. ఏళ్ళ తరబడి ఒకే బండి కింద రెండూ ఒకేలా అరుగుతాయట, మొగుడూ పెళ్ళాల్లాగ. ఆ జత విడదీసి వేరేదానితో వేస్తే బండి కుదుపుతుంది. అందుకని ఊడదీసేటప్పుడు మేస్త్రీ తన వంతు లైను పొడుగునా ప్రతి పట్టా నడుం మీదా ఉలితో నంబరు కొట్టాడు. యుద్ధం అయ్యాక తెచ్చి ఎక్కడివి అక్కడ వేస్తామని దొరలు చెప్పారట. "పట్టాలతో వెళ్తున్నా, పట్టాలతో వస్తా అన్నారండి. నాకప్పుడు అయిదేళ్ళు. మూడు కార్డులొచ్చాయి. తర్వాత లేదు. పోయారనీ ఎవరూ చెప్పలేదు. మా అమ్మ చనిపోయేదాకా బొట్టు తియ్యలేదు."

"ఒకసారి వేసిన పట్టాలని ఏ ప్రభుత్వమూ మళ్ళీ పీకి తీసుకురాదమ్మా," అన్నాను. ముప్పై ఏళ్ళ అలవాటు, తెలిసింది చెప్పేయడం.

"ఇక్కడ పీకారుగా మేస్టారూ."

అరటిగెల ఆయన గెలని కిందికి దించి వింటున్నాడు.

కొత్త లైను వేస్తున్నారని తెలిసినప్పుడు ఆవిడ కోటిపల్లి నుంచి రోజుకింత చొప్పున కట్ట వెంబడి నడిచిందట, ప్రతి పట్టా నడుమూ చూసుకుంటూ. అన్నీ కొత్తవి. ఫ్యాక్టరీ అక్షరాలున్నాయి, ఉలిదెబ్బ లేదు. అయినా బండి నడవడం మొదలెట్టాక పక్క సీటులో తువ్వాలు వెయ్యకుండా ఏనాడూ ఎక్కలేదట. "టీవీలో అక్కడ యుద్ధం చూపించారు కదండీ. రోజూ బస్రా బస్రా అనేవారు. అందరూ ట్యాంకులు చూస్తే, నేను వాటి వెనకాల పట్టాలు కనపడతాయేమోనని చూసేదాన్ని."

"కనపడ్డాయా?"

"ఒకసారి కనపడ్డాయండి. నంబరు చదివేలోపు సబ్బు ప్రకటన వచ్చింది."

రామచంద్రపురంలో సగం బండి దిగింది, అంతకు రెట్టింపు ఎక్కింది. తువ్వాలు మాత్రం కదల్లేదు. ద్రాక్షారామం వచ్చేసరికి ఆవిడ సంచిలోంచి ఆకుపొట్లం తీసి, సరిగ్గా ఉందో లేదో చూసి, మళ్ళీ లోపల పెట్టింది. నువ్వులు, దర్భలు.

"ఇవాళ నీళ్ళు వదిలేద్దామని వచ్చానండి," అంది. "ఆయన వెళ్ళినప్పుడు ముప్పై ఏళ్ళవాడు. ఇప్పుడు నాకు డెబ్బై. తండ్రికన్నా పెద్దదాన్ని అయిపోయి ఇంకా గుమ్మంలో నిలబడితే బాగుండదు కదా. కానీ వదలాలంటే భయంగా ఉంది. రేపు వస్తే ఏం చెప్పాలి?"

కోటిపల్లి రేవు

కోటిపల్లిలో లైను ఆగిపోతుంది. అవతల గోదావరి. రేవు దాకా నడిచాం. ఆవలి ఒడ్డుకి మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ చేరవేసే పంటు అప్పుడే వచ్చి ఆగుతోంది. దాని మోకుని ఒడ్డున పాతిన ఇనుపగుంజకి చుట్టారు. రత్నమ్మగారు నన్ను అక్కడికే తీసుకెళ్ళింది.

అది రైలుపట్టా ముక్క. నడుం దగ్గర కొంచెం వంగి ఉంది. మోకు ఒరిసి ఒరిసి ఒకవైపు అద్దంలా మెరుస్తోంది. మోకు కింద వేలు పెట్టి తడిమి చూడమంది. మూడు, ఒకటి, ఆరు. ఉలిదెబ్బలు.

"వంకరదని ఓడెక్కించుకోలేదండి. యుద్ధానికి పనికిరానిదే మాకు మిగిలింది."

నా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది. రిటైరైనా చెయ్యి ఒప్పుకోదు. మెట్టు మీద కూర్చుని నా పాత పటం గీశాను. ఇది బెర్లిను, ఇది సుల్తాను ఊరు, ఇది బాగ్దాదు, ఇదిగో బస్రా. జర్మనీవాళ్ళు ఇటు రావాలనుకున్నారు, ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ అడ్డుకున్నారు. సుల్తాను పోయాడు, తర్వాత తెల్లదొరల రాజ్యమూ పోయేకాలం వచ్చింది, అప్పుడు మీ నాన్నగారి పట్టాలు ఇక్కడికి.

ఆవిడ వంగి శ్రద్ధగా చూసింది. "ఇవన్నీ రాజులవి. మా నాన్న ఎక్కడండి?"

పటంలో ఎక్కడా లేడు. ముప్పై ఏళ్ళు గీశాను, పట్టా మోసినవాణ్ణి ఒక్కణ్ణీ గీయలేదు. బస్రా పక్కన సుద్దతో ఒక చుక్క పెట్టాను. ఆవిడ ఆ చుక్కని చాలాసేపు చూసింది. తర్వాత లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, నీళ్ళలోకి దిగి స్నానం చేసి వచ్చింది.

రేవులో తర్పణాలు వదిలించే పంతులుగారికి ఉదయం నుంచీ తీరికలేదు. గొంతు బొంగురుపోయింది. "కొడుకులు లేరామ్మా?"

"తమ్ముడు పోయాడండి. నేనే."

"సరే. గోదారి ఎవరి చేతి నీళ్ళని అడగదు. పేరు చెప్పండి."

"సూరయ్య మేస్త్రీ."

"ఎప్పుడు పోయారు?"

"తెలీదండి."

"ఈ అమావాస్య అలాంటివాళ్ళకేనమ్మా. ఎక్కడ పోయారు?"

రత్నమ్మగారు అరచెయ్యి చూసుకుంది. చేతిలో నువ్వులు తడిసి వేళ్ళకి అంటుకున్నాయి. వెనకాల వరసలో ఉన్నవాళ్ళు దగ్గుతున్నారు. "వెళ్ళింది బస్రా అండి," అంది చివరికి. "ఎక్కడో మేస్టారు చెబుతారు."

గంటసేపు చెప్పగలిగిన పాఠం. పంతులుగారి తొందర చూశాను, ఆవిడ ముఖం చూశాను. "సముద్రం అవతల, ఒక నది ఒడ్డున," అన్నాను.

"నదీతీరమే కదా, చాలు," అన్నాడు పంతులుగారు.

ఆవిడ దోసిలి పట్టింది. పట్టి, వదలకుండా నావైపు తిరిగింది. "ఈ నీళ్ళు అక్కడిదాకా వెళ్తాయాండి?"

నా జీవితంలో నన్నెవరూ ఇంత అవసరమైన ప్రశ్న అడగలేదు. పరీక్షల్లో కూడా. నిజమే చెప్పాలనుకున్నాను. అదృష్టం, నిజం చాలింది. "ఈ గోదారి సముద్రంలో కలుస్తుందమ్మా. ఆ సముద్రం లంకని చుట్టి పడమటికి వెళ్తుంది. ఆ ఊరి నది కూడా ఆ నీళ్ళలోకే వస్తుంది. మధ్యలో ఎక్కడా తెగదు. బండి మారక్కర్లేదు."

"పీకడానికి లేదన్నమాట," అంది.

మూడు దోసిళ్ళు వదిలింది. మొదటిది గబుక్కున పోయింది. రెండోది నిదానంగా పోయింది. మూడో దోసిలి పట్టుకుని ఎంతసేపు ఉందంటే, పంతులుగారు మంత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. చెప్పాడు, విసుక్కోకుండా. నీళ్ళు చివరికి ఆవిడ వేళ్ళ సందుల్లోంచి వాటంతటవే జారిపోయాయి. నువ్వులు కాసేపు మెట్టు దగ్గరే తిరిగి, పంటు కదిలినప్పుడు లేచిన అలతో కలిసిపోయాయి.

తిరుగు బండి

రేవు దగ్గర పూరిపాకలో అన్నం తిన్నాం, పప్పూ గోంగూర. గోంగూర మావైపే పుల్లగా ఉంటుందని అనబోయి ఊరుకున్నాను. ఆవిడ సరిగా తినలేదు. నేను తిన్నాను. దుఃఖం ఆవిడది, ఆకలి నాది.

కోటిపల్లిలో బండి దగ్గర మళ్ళీ జనం, మళ్ళీ కిటికీల్లోంచి తువ్వాళ్ళు. కండక్టరు రత్నమ్మగారిని ముందు ఎక్కించాడు. నేను చివర్లో ఎక్కి, ఉదయం పట్టుకున్న కమ్మీనే వెతుక్కున్నాను.

కండక్టరు అలవాటుగా ఆవిడ దగ్గరికొచ్చి, "రెండేగా మామ్మగారూ," అంటూ టిక్కెట్లు చింపబోయాడు.

"ఒకటి చాలు బాబూ."

అతని చెయ్యి ఆగింది. అప్పుడు చూశాం ఇద్దరం. స్నానం చేసి తల తుడుచుకున్న ఎర్రగళ్ళ తువ్వాలు తడిగా కిటికీ కమ్మీకి కట్టి ఉంది. బండి ఇంకా కదల్లేదు కనక కిందికి వేలాడుతోంది. చివరినుంచి నీటిబొట్లు పట్టాల మీద పడుతున్నాయి. పక్క సీటు ఖాళీ. జనం అలవాటుకొద్దీ దాన్ని వదిలేసి నిలబడ్డారు.

"కూర్చోండి మేస్టారూ," అంది ఆవిడ, కిటికీవైపే చూస్తూ. "ఎవరూ రారు."

బండి కదిలింది. తువ్వాలు గాలికి లేచింది. నేను కూర్చున్నాను గానీ, కాకినాడ వచ్చేదాకా సగం సీటులోనే కూర్చున్నాను.